ప్లాట్‌లీతో బబుల్ చార్టు: ఒక రొయ్యల పంటకాలం వాడి చూశాక

గణాంకాల పనికి వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసి, వెబ్ పేజీలో వేలు పెడితే వివరం చెప్పే బబుల్ చార్టులను తయారుచేయడానికి ప్లాట్‌లీ అనే ప్యాకేజీని నేను ఒక పంటకాలం మొత్తం వాడాను. పంటకాలం అన్నది మాటవరసకు అన్నది కాదు. నేను భీమవరంలో డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెబుతాను. ఆకివీడు వైపు 14 చెరువుల్లో వనామీ రొయ్య సాగుచేసే మా బాబాయి తన శాంపిల్ పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, "ఏ చెరువు ఎలా నడుస్తుందో ఒక్క చూపులో తెలిసేలా ఏదైనా చెయ్యరా" అని అడిగిన రోజున ఈ పని మొదలైంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. కొద్దిపాటి కోడ్‌తో చూడముచ్చటైన, ఫోనులో కూడా పనిచేసే చార్టును ఇవ్వడంలో ఈ ప్యాకేజీకి మంచి మార్కులే వేయాలి. అయితే బబుల్ చార్టుకు ప్రాణమైన బుడగ పరిమాణం దగ్గరే ఇది ఏ హెచ్చరికా లేకుండా మన చేత అబద్ధం చెప్పించగలదు.

అడ్డగీత మీద ఒక కొలత, నిలువుగీత మీద ఇంకొకటి, బుడగ పరిమాణంలో మూడోది, అవసరమైతే రంగులో నాలుగోది చూపించడమే బబుల్ చార్టు పని. సంఖ్యను వృత్తంగా మార్చి చూపడం పాత విద్యే. స్కాట్లాండుకు చెందిన విలియం ప్లేఫెయిర్ 1801లోనే ఐరోపా దేశాల విస్తీర్ణాలను వృత్తాలుగా గీశాడు. జనసామాన్యానికి దాని మీద మోజు కలిగించినది మాత్రం స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్ 2006లో టెడ్ వేదిక మీద ఇచ్చిన ఉపన్యాసం. దేశాలన్నీ బుడగలై, ఏళ్లు గడిచేకొద్దీ ఆదాయం, ఆయుర్దాయం వంటి కొలతల మధ్య ఈదుకుంటూ పోయే ఆ దృశ్యం వెనకున్న ట్రెండలైజర్ సాఫ్ట్‌వేరును 2007లో గూగుల్ కొనుగోలు చేసింది. తరవాత గూగుల్‌విస్ అనే ప్యాకేజీ ద్వారా అదే తరహా మోషన్ చార్టు ఆర్ వాడేవారికీ అందింది. నేను తరగతిలో చాలాకాలం దాన్నే చూపించేవాణ్ణి. అయితే అది బ్రౌజరుకు విడిగా తగిలించే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరు మీద నడిచేది, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కు నూకలు చెల్లాయి, దానితో పాటే నా పాత పాఠాలూ తెల్ల గళ్లుగా మిగిలిపోయాయి. ప్లాట్‌లీ వైపు నేను మళ్ళడానికి మొదటి కారణం ఇదే. ఇది బ్రౌజరులో సహజంగా ఉండే జావాస్క్రిప్టు మీద నడుస్తుంది, వేరే ఏ తోడూ దీనికి అక్కర్లేదు.

ప్లాట్‌లీ సంస్థ కెనడాలోని మాంట్రియల్‌లో ఉంది. చార్టును గీసే అసలు యంత్రమైన ప్లాట్‌లీ జేఎస్‌ను వారు 2015 నవంబరులో ఓపెన్ సోర్సుగా విడుదల చేశారు. దాన్ని ఆర్‌తో కలిపే ప్యాకేజీని కార్సన్ సీవర్ట్ రూపొందించారు. ఎంఐటీ లైసెన్సు కాబట్టి కాలేజీలోనైనా, వ్యాపారంలోనైనా రూపాయి కట్టకుండా వాడుకోవచ్చు, ఖాతా తెరవవలసిన పనీ లేదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం కొంత ఓపిక కావాలి. బొమ్మలు గీసే జీజీప్లాట్2, పట్టికలు సర్దే డీప్లైయర్ వంటి పెద్ద ప్యాకేజీలన్నీ పెళ్ళివారిలా దీని వెంట దిగుతాయి.

బాబాయి పుస్తకంలో ఉన్న లెక్కను కొంచెం వివరించాలి, ఎందుకంటే చార్టులో తలెత్తిన చిక్కుల్లో సగం అందులోనుంచే వచ్చాయి. సీడు, అంటే రొయ్యపిల్లలు, వేసిన రోజునుంచి ఎన్ని రోజులయిందో చెప్పేది డీఓసీ. వారానికొకసారి వల విసిరి, పట్టిన రొయ్యలను తూచి కౌంట్ చూస్తారు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 100 కౌంట్ అయితే ఒక్కో రొయ్య 10 గ్రాములు, 50 కౌంట్ అయితే 20 గ్రాములు. అంటే రొయ్య పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది. అడ్డగీత మీద డీఓసీ, నిలువుగీత మీద కౌంట్, బుడగ పరిమాణంగా చెరువు విస్తీర్ణం, రంగుగా సీడు తెచ్చిన హేచరీ అనుకుని కూర్చుంటే, మొదటి చార్టు నాలుగైదు వరుసల కోడ్‌తో పది నిమిషాల్లో తెర మీదికి వచ్చింది. ప్రతి కొలత పేరు ముందు ఒక టిల్డె గుర్తు (~) పెట్టి ఎక్స్, వై, సైజ్, కలర్‌లకు అప్పగిస్తే చాలు. బుడగ మీదికి మౌస్ తీసుకెళ్తే వివరం వస్తుంది, ఒక మూలను లాగి పెద్దది చేసుకోవచ్చు, పక్క పట్టీలో హేచరీ పేరు నొక్కితే దాని చెరువులు మాయమవుతాయి, రెండుసార్లు నొక్కితే అవి మాత్రమే మిగులుతాయి. వీటిలో ఒక్కదానికీ నేను కోడ్ రాయలేదు.

తెలుగు అక్షరాల సంగతి ఈ ప్యాకేజీలో నాకు బాగా నచ్చిన విషయం. ఆర్ మామూలుగా గీసే బొమ్మల్లో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి వాక్యం చెల్లాచెదురవడం అనుభవమున్నవారికి తెలిసినదే. ప్లాట్‌లీలో అక్షరాన్ని పేర్చే బాధ్యత బ్రౌజరుది కాబట్టి, 'పెద్దచెరువు', 'రేవుగట్టు చెరువు' అన్న పేర్లు ఉన్నవి ఉన్నట్టుగా కనిపించాయి. కంప్యూటర్లో ఉన్న ఆర్ వెర్షన్ మాత్రం చూసుకోవాలి. 2022 ఏప్రిల్లో వచ్చిన 4.2.0కు ముందు విండోస్ మీద ఆర్‌కు, అన్ని భాషల అక్షరాలనూ భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతి స్వభాషగా ఉండేది కాదు, ఆ పాత వెర్షన్లలో తెలుగు అక్షరం బదులు కోణపు గుర్తుల మధ్య యూనికోడ్ సంఖ్యలు ప్రత్యక్షమవుతాయి. ఇంకొక చిన్న లోపం, వివరపు పెట్టెలో పొడవైన తెలుగు వాక్యం రాస్తే అది తనంతట తాను రెండో వరుసకు దిగదు. ఎక్కడ విరవాలో మనమే గుర్తు పెట్టి చెప్పాలి.

మొదటి చార్టు చూపించగానే బాబాయి ముఖం చిన్నబోయింది. "ఏరా, చెరువులన్నీ కిందకి దిగిపోతున్నాయేంటి?" అన్నారు. నా దృష్టిలో కౌంట్ తగ్గడం సరైన దిశే, కానీ జీవితమంతా పైకి పోవడాన్నే లాభంగా చూసిన మనిషికి కిందికి జారే బుడగలు నష్టంలా కనిపించడం సహజం. నిలువుగీతను తలకిందులు చేయడానికి ఆటోరేంజ్‌కు 'రివర్స్‌డ్' అని ఒక్క మాట చేర్చితే సరిపోయింది. ఈ మాత్రం పనికి వేరే పరికరాల్లో సంఖ్యలకు మైనస్ గుర్తులు తగిలించి తిప్పలు పడిన రోజులు నాకు గుర్తున్నాయి.

ఆయన రెండో అభ్యంతరం మాత్రం ఒక మాటతో తీరేది కాలేదు. అందరికంటే చిన్న చెరువు ముప్పావు ఎకరం, పెద్దది మూడెకరాలు. చార్టులో ముప్పావు ఎకరం చెరువు ఆవగింజలా, మూడెకరాలది గుమ్మడికాయలా కనిపించాయి. "ఆ చిన్నది మరీ ఇంత చిన్నదేం కాదురా, అలాంటివి నాలుగేస్తే పెద్దది నిండిపోద్ది" అని ఆయన లెక్క చెప్పాక, నేను రాసిన కోడ్‌ను మళ్ళీ తీసి చూశాను. గణాంకశాస్త్రం చెప్పేవాణ్ణి నేను, తప్పు పట్టినది ఆయన.

జరిగినది ఏమిటంటే, సైజ్‌కు ఏ కొలత ఇచ్చినా ప్యాకేజీ అందులోని కనిష్ఠాన్ని 10కి, గరిష్ఠాన్ని 100కి సాగదీసి, మిగిలినవాటిని ఆ మధ్యలో సర్దుతుంది. ఈ 10, 100 అన్నవి 'సైజెస్' అనే ఐచ్ఛికానికి ముందే పెట్టి ఉంచిన విలువలు. మన కొలతల మధ్య నిజమైన నిష్పత్తి ఎంతన్నది దానికి పట్టదు. దీనికి తోడు, నేను అనుసరించిన ఉదాహరణలో ఉన్నట్టే సైజ్‌మోడ్‌ను 'డయామీటర్' అని రాశాను, అంటే ఆ 10, 100 అంకెలు వ్యాసాలు అయ్యాయి. కన్ను చూసేది వ్యాసాన్ని కాదు, వైశాల్యాన్ని; వ్యాసం పది రెట్లయితే వైశాల్యం వంద రెట్లవుతుంది. అలా నాలుగు రెట్ల తేడా ఉన్న చెరువులు తెర మీద వంద రెట్ల తేడాతో నిలబడ్డాయి.

ఇది చెరువులకే పరిమితమైన పొరపాటేమో అని, అందరికీ తెలిసిన 2011 జనగణన లెక్కలతోనూ చూశాను. అప్పటి కోస్తా, రాయలసీమల్లోని 13 జిల్లాల్లో ఎక్కువ జనాభా మన తూర్పు గోదావరిది, 51,54,296. తక్కువ విజయనగరానిది, 23,44,474. నిజమైన నిష్పత్తి సుమారు 2.2. పైన చెప్పిన పద్ధతిలోనే గీస్తే, వ్యాసం లెక్కన తూర్పు గోదావరి బుడగ విజయనగరం బుడగకు వంద రెట్లయింది. వైశాల్యం లెక్కకు మార్చినా పది రెట్ల దగ్గర ఆగింది, 2.2కు మాత్రం రాలేదు. పశ్చిమ గోదావరికి 39,36,966 మంది ఉన్నా, పక్క జిల్లాతో పోల్చితే ఉండవలసిన దానికంటే బాగా చిక్కిపోయింది. బొమ్మ అందంగానే ఉంటుంది, ఎక్కడా ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక రాదు, చూసినవారు 'అబ్బో, ఎంత తేడా' అనుకుని వెళ్ళిపోతారు.

దీనికి విరుగుడు ప్యాకేజీలోనే ఉంది, కానీ వెతుక్కోవాలి. సైజ్ అనే పై ద్వారాన్ని వదిలేసి, మార్కర్ జాబితాలోపల నేరుగా కొలతను ఇచ్చి, సైజ్‌మోడ్‌ను 'ఏరియా' అని రాసి, సైజ్‌రెఫ్ అనే విలువను మనమే లెక్కగట్టి ఇవ్వాలి. గరిష్ఠ కొలతను రెండుతో గుణించి, పెద్ద బుడగకు ఎన్ని పిక్సెళ్ళ వ్యాసం కావాలో ఆ సంఖ్య వర్గంతో భాగిస్తే ఆ విలువ వస్తుంది. మూడెకరాల చెరువుకు 60 పిక్సెళ్ళు కావాలనుకున్నాను కాబట్టి, 6ను 3,600తో భాగించగా సుమారు 0.00167 వచ్చింది. ఆ విలువతో గీసినప్పుడు ముప్పావు ఎకరం చెరువుకు 30 పిక్సెళ్ళ వ్యాసం దక్కింది, అంటే వైశాల్యంలో సరిగ్గా నాలుగో వంతు. బాబాయి దాన్ని చూసి ఏమీ అనలేదు; ఆయన విషయంలో అది ఆమోదమే.

ఈ సూత్రం గుర్తుపెట్టుకోవడం కష్టమనిపించేవారికి ఇంకొక దారి ఉంది. ముందు జీజీప్లాట్2లో 'స్కేల్ సైజ్ ఏరియా' అనే కొలమానం వాడి చార్టు గీసి, దాన్ని జీజీప్లాట్‌లీ అనే ఫంక్షన్‌కు అప్పగించడమే ఆ దారి. సున్నాకు సున్నా వైశాల్యం అన్న నియమాన్ని ఆ కొలమానం పాటిస్తుంది కాబట్టి నిష్పత్తి చెడదు. మా విద్యార్థులకు నేను ఇప్పుడు ఈ దారినే నేర్పుతున్నాను.

ఏ దారిన వెళ్ళినా, ఎంత బుడగ అంటే ఎన్ని ఎకరాలో చెప్పే పట్టీ మాత్రం రాదు. రంగులకు పట్టీ ఇచ్చే ప్యాకేజీ పరిమాణానికి ఎందుకు ఇవ్వదో నాకు అంతుబట్టలేదు. జీజీప్లాట్2లో ఉన్న పట్టీ కూడా ఇటు మార్చేటప్పుడు జారిపోతుంది. చివరికి చార్టు కుడి మూలలో ఒక ఎకరం, రెండెకరాలు, మూడెకరాలు అన్న మూడు బూడిదరంగు బుడగలను నేనే చేత్తో పేర్చాను. డబ్బు తీసుకోని వస్తువు గురించి ఇంత నిష్ఠూరం తగదేమో గానీ, బబుల్ చార్టు గీయగలనని చెప్పుకునే పనిముట్టుకు ఇది ఉండితీరవలసిన అవయవం.

పెద్ద బుడగల కింద చిన్నవి మరుగునపడే సమస్యను విస్తీర్ణం అవరోహణ క్రమంలో వరుసలు పేర్చి, కొంత పారదర్శకత ఇచ్చి తేలిగ్గా దాటవచ్చు.

రోస్లింగ్ చూపించిన కదలిక ఇందులో ఒక్క మాటతో వస్తుంది. ఫ్రేమ్ అన్న చోట వారం సంఖ్య ఇవ్వగానే, కింద ఒక జారుడు పట్టీ, ప్లే బొత్తం రెండూ అమరాయి. ఒక్కో ఫ్రేముకు ముందుగా పెట్టి ఉన్న అర సెకను వ్యవధి మా చెరువుగట్టు ప్రేక్షకులకు మరీ వేగంగా తోచింది, ఒకటిన్నర సెకనుకు పెంచాను. అయితే పంట మధ్యలో రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ తెగులు భయంతో అయిదో చెరువును ముందే పట్టేయడంతో ఒక వింత జరిగింది. ఆ వారం నుంచి దాని వరుస లెక్కల్లో లేదు కాబట్టి, ఆరో చెరువు లెక్క అయిదో బుడగకు, ఏడో చెరువు లెక్క ఆరో బుడగకు అంటుకుని, బుడగలన్నీ ఒకదాని చోటికి ఒకటి ఎగిరి, చివరిది మాయమైంది. ఐడీస్ అన్న చోట చెరువు పేరు ఇస్తే ఏ బుడగ ఏ చెరువుదో ప్యాకేజీ గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి కదిలే చార్టులో దాన్ని ఐచ్ఛికంగా కాక తప్పనిసరిగా భావించాలి. అలా ఇచ్చినా ప్రతి వారంలోనూ ప్రతి చెరువూ, ప్రతి రంగూ ఉన్నప్పుడే ఈ కదలిక నమ్మదగ్గదిగా ఉంటుంది. మధ్యలో వచ్చేవీ పోయేవీ ఎక్కువగా ఉన్న లెక్కలకు నేను దీన్ని సిఫారసు చేయను, వారానికొక నిలకడ బొమ్మ నయం.

చార్టును పదిమందికీ పంపేటప్పుడు తప్పు నాదే. హెచ్‌టీఎంఎల్ ఫైలుగా భద్రపరిచి వాట్సాప్‌లో పంపితే, అందరికీ తెల్ల పేజీ తెరుచుకుంది. చార్టును గీసే జావాస్క్రిప్టు పక్కనున్న వేరే ఫోల్డరులో ఉండిపోయిందని, అన్నీ ఒకే ఫైలులో ఇమడాలంటే సేవ్‌విడ్జెట్ ఫంక్షన్‌లో సెల్ఫ్‌కంటైన్డ్ అన్నది నిజమై ఉండాలని, అందుకు ఫైళ్ల రూపం మార్చే పాన్‌డాక్ అనే సాఫ్ట్‌వేరు కావాలని అప్పుడు చూసుకున్నాను. ఆర్ కోడ్ రాసుకునే ఆర్‌స్టూడియో ఉన్నవారికి పాన్‌డాక్ దానితోనే వస్తుంది. అలా ఇమిడిన ఫైలు మూడు ఎంబీలు దాటుతుంది, 14 బుడగల చార్టుకు అది ఎక్కువే. పార్షియల్ బండిల్ అనే ఫంక్షన్ గుండా పంపితే బబుల్ చార్టుకు అవసరమైన భాగాన్ని మాత్రం ఉంచుకుని సుమారు మూడో వంతుకు దిగుతుంది. సిగ్నల్ ఒక గీత మీద ఊగే చెరువుగట్ల మీద ఈ తేడా చిన్నదేమీ కాదు. ఫోనులో వేలితో పైకి జరపబోతే చార్టు పెద్దదై కూర్చోవడం ఇంకో విసుగు. రెండు గీతల్లోనూ ఫిక్స్‌డ్‌రేంజ్ పెట్టి, పైనున్న బొత్తాల వరుసను కాన్ఫిగ్ ద్వారా దాచేశాక పేజీ సాఫీగా జరిగింది.

సంఖ్యల రాత గురించి ఒక మాట. జనాభా లెక్కను నిలువుగీత మీద పెడితే 5 పక్కన మిలియన్ గుర్తు వస్తుంది, వివరపు పెట్టెలో కామాలు కావాలని కోరితే అవి మూడేసి అంకెలకు పడతాయి. 51,54,296 అని చదివే అలవాటున్న మనకు లక్షల ప్రకారం కామాలు పెట్టే ఏర్పాటు ఇందులో సిద్ధంగా లేదు. గీత మీద సంఖ్యలను లక్షతో భాగించి 'లక్షల్లో' అని రాశాను, పెట్టె కోసం మాత్రం చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకున్నాను.

పోటీలో ఉన్న హైచార్టర్ ప్యాకేజీని కూడా కొన్ని రోజులు చూశాను. దాని వెనకనున్న హైచార్ట్స్‌లో బుడగ పరిమాణానికి పట్టీ ఉంది, ముందుగా ఎంచి ఉంచిన పద్ధతి కూడా వైశాల్యమే; ఈ రెండు విషయాల్లో అది ప్లాట్‌లీ కంటే మెరుగు. కాని వ్యాపార వినియోగానికి లైసెన్సు కొనాలి. రొయ్యల సాగు లెక్కలు వ్యాపారం కాదని వాదించే ధైర్యం నాకు లేదు. ఆర్ ఇప్పటికే తెలిసి, తమ లెక్కల్లో నిష్పత్తి ఎంత ఉందో కాగితం మీద ఒకసారి సరిచూసుకునే ఓపికున్నవారు ప్లాట్‌లీని నిశ్చింతగా ఎంచుకోవచ్చు. ఆర్ అసలే రానివారు ఒక్క బబుల్ చార్టు కోసం ఇంత దూరం రానక్కర్లేదు.

రెండో పంటకు బాబాయి ఒక మార్పు అడిగారు. తెల్లవారుజామున నీటిలో కరిగిన ప్రాణవాయువు (డీఓ) బాగా పడిపోతుంది, 4 పీపీఎంకు దిగితే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎక్కువసేపు తిప్పాలి. కాబట్టి హేచరీకి బదులు డీఓ ప్రకారం బుడగ రంగు మారాలన్నారు. కలర్ అన్న చోట పేరు మార్చగానే, ఏ రంగుకు ఎంత డీఓనో చెప్పే నిలువు పట్టీ దానంతట అదే పక్కన వచ్చి నిలిచింది. ఎకరాల పట్టీని మాత్రం ఈసారీ నేనే చేత్తో పేర్చాను.